అర డిగ్రీ తేడా

ఆపరేషన్ థియేటర్ తలుపు తోసుకుని ఒక ట్రే బయటికి వస్తుంది. అందులో పసుపు, తెలుపు కలగలిసిన గట్టి పొర ముక్క ఉంది. అక్కడక్కడ ఎర్రటి చారలు. కాసేపటి కిందటి వరకూ అది ఒక మనిషి మెడలో ఉండేది. మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనిని సర్జన్ నిలువునా తెరిచి, లోపలి గోడకు ఏళ్ల తరబడి పేరుకున్న పూడికను ఒలిచి తీసేశారు. ఆ మనిషికి దానితో పీడ విరగడైంది. మీకు మాత్రం పని ఇప్పుడే మొదలైంది.

ఊరు అమెరికాలోని హ్యూస్టన్. కాలం 1990ల నడిమి. గడియారం చూసుకోండి, 15 నిమిషాలకు మించి వ్యవధి లేదు. ట్రేలో ఉన్నది ఉత్త కొవ్వు కాదు. అందులో బతికున్న కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. అవి ఆక్సిజన్ వాడుకుంటూ వేడి పుట్టిస్తున్నంతసేపే మీ కొలతకు అర్థం.

మీ చేతిలో ఒక సన్నటి సూది ఉంది. దాని మొనలో థర్మిస్టర్. వేడి మారితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పే తెర మీద అంకె అవుతుంది. సూదిని పూడిక మీద ఒక చోట ఆనించండి. అంకె నిలబడ్డాక రాసుకోండి. కొద్దిగా జరపండి. రెండో అంకె దాదాపు అంతే. మళ్లీ జరపండి, ఈసారి ఒక మిల్లీమీటరు కూడా జరపలేదు. అంకె గబుక్కున పైకి లేస్తుంది. సూది సరిగా ఆనలేదేమోనని తీసి మళ్లీ అక్కడే పెడతారు. అదే అంకె. కళ్లు చికిలించి చూస్తారు. పక్కన చల్లగా ఉన్న చోటుకూ, ఈ వెచ్చని చోటుకూ రంగులో గానీ నునుపులో గానీ ఏ తేడా లేదు. కంటికి కనిపించనిది సూదికి తెలిసింది.

ఈ పని చేసింది డాక్టర్ వార్డ్ క్యాసెల్స్, డాక్టర్ జేమ్స్ విల్లర్సన్ వాళ్ల బృందం. 48 మంది నుంచి తీసిన 50 పూడికలను ఇలాగే తడిమి చూశారు. చాలా చోట్ల తేడా 0.2 నుంచి 0.3 డిగ్రీల సెల్సియస్. కానీ 37 శాతం పూడికల్లో 0.4 నుంచి 2.2 డిగ్రీల దాకా వేడెక్కిన మచ్చలు దొరికాయి. తర్వాత ఆ మచ్చలను కోసి మైక్రోస్కోపు కింద పెట్టారు. వేడి ఎక్కువైన చోట కణాలు కిక్కిరిసి ఉన్నాయి. అవి గోడ పైపొరకు ఎంత దగ్గరగా ఉంటే పైన అంత వేడి. ఆ కణాల్లో ఎక్కువ భాగం మాక్రోఫేజ్‌లు, అంటే శరీరంలో చెత్తను మింగే రక్షక కణాలు. 1996లో ఈ ఫలితాలు ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి.

ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని ఇన్‌ఫ్లమేషన్‌కు నాలుగు గుర్తులను రోమన్ రచయిత సెల్సస్ రెండువేల ఏళ్ల కిందటే చెప్పాడు. కాలి మీద సెగగడ్డ లేస్తే ఈ నాలుగూ మనకు తెలుస్తాయి. ధమని లోపలి గోడ మీద లేస్తే ఎర్రదనం కనిపించదు, వాపు చేతికి తగలదు, పగిలేదాకా నొప్పి కూడా ఉండదు. మిగిలింది వేడి ఒక్కటే. దాన్ని బతికున్న మనిషి గుండెలో కొలవగలమా? ఈ ప్రశ్న వెంటే మీ ప్రయాణం ఇప్పుడు సముద్రం దాటుతుంది.

దాటే ముందు ఇంత తాపత్రయం ఎందుకో తెలుసుకోవాలి. యాంజియోగ్రామ్ అయ్యాక మన ఇళ్లలో వినిపించే మొదటి మాట “ఎన్ని బ్లాకులు? ఎంత పర్సెంట్?” డెబ్బయ్యో ఎనభయ్యో అంటే గుండె ఝల్లుమంటుంది, ముప్పయ్యో నలభయ్యో అంటే ఊపిరి పీల్చుకుంటాం. 1988లో అమెరికాలో డాక్టర్ విలియం లిటిల్ బృందం ఒక పాత లెక్క తిరగేసింది. ముందొకసారి యాంజియోగ్రామ్ తీయించుకుని, తర్వాత హార్ట్ ఎటాక్ వచ్చిన 29 మంది పాత ఫిల్ములను మళ్లీ చూశారు. తర్వాత పూర్తిగా మూసుకుపోయిన ధమని 19 మందిలో అంతకుముందు 50 శాతం కూడా సన్నబడి లేదు. 70 శాతం దాటి ఉన్నది ఒక్కరికే.

కారణం పూడిక స్వభావంలోనే ఉంది. కొన్ని పూడికలు గట్టిపడి, సున్నం పట్టి, దారిని ఇరుకు చేస్తాయే తప్ప పగలవు. మరికొన్ని లోపల మెత్తటి కొవ్వు ముద్దతో, పైన పలచటి పొరతో ఉంటాయి. వాటి పొర మందం 65 మైక్రాన్లలోపే, అంటే మిల్లీమీటరులో పదిహేనో వంతు. మాక్రోఫేజ్‌లు వదిలే ఎంజైములు ఆ పొరను లోపలి నుంచి కొరుకుతుంటాయి. ఒకనాడు పొర చిట్లుతుంది. లోపలి సరుకు రక్తానికి తగిలిన వెంటనే గడ్డ కడుతుంది. నిన్నటి దాకా ముప్పయ్యో నలభయ్యో శాతం ఉన్న బ్లాక్ నిమిషాల్లో నూరు శాతం అవుతుంది. గుండె నిపుణులు ఇలాంటి పూడికను ‘వల్నరబుల్ ప్లాక్’ అంటారు. యాంజియోగ్రామ్ రక్తం పారే దారి నీడను మాత్రమే చూపిస్తుంది. గోడలో ఏం రగులుతోందో దానికి పట్టదు.

ఇప్పుడు ఏథెన్స్. వాసిలిస్సిస్ సోఫియాస్ అవెన్యూలో హిప్పోక్రాటియన్ ఆసుపత్రి. పేరు గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసుది. ఆయన పేర వాడుకలో ఉన్న ప్రాచీన గ్రంథాల్లో ఒక ఉపాయం ఉంది. ఛాతీలో చీము ఎక్కడ చేరిందో తెలియనప్పుడు తడి మట్టిలో ముంచిన పలచటి గుడ్డను రోగి ఛాతీకి చుట్టాలి. మట్టి ముందుగా ఎక్కడ ఆరుతుందో అక్కడ కోయాలి. వేడిని చూసి జబ్బు చోటును పట్టే విద్య ఈ నేలకు కొత్త కాదు. ఇప్పుడు మట్టి పోయి థర్మిస్టర్ వచ్చింది, ఛాతీ పైనుంచి గుండె ధమని లోపలికి దిగింది.

1990ల చివరి రోజులవి. కేథ్ ల్యాబ్‌లో మీరు సీసపు ఏప్రాన్ వేసుకుని నిలబడ్డారు. దాని బరువు ముందు భుజాలకు తెలుస్తుంది. గది చల్లగా ఉంది. బల్ల మీది మనిషి మెలకువగానే ఉన్నాడు. తొడ మొదట్లో మాత్రం మత్తు ఇచ్చారు. అతనిది అన్‌స్టేబుల్ ఆంజైనా. అంటే, కూర్చున్నా పడుకున్నా ఛాతీలో నొప్పి వస్తోంది, రోజురోజుకూ పెరుగుతోంది, హార్ట్ ఎటాక్ మాత్రం ఇంకా రాలేదు.

తొడ ధమనిలోంచి గైడింగ్ కేథెటర్ పైకి పాకుతుంది. పొట్ట, ఛాతీ దాటి, బృహద్ధమని వంపు తిరిగి, గుండె ధమని ముఖద్వారంలో ఆగుతుంది. రంగుమందు ఎక్కించగానే తెర మీద నల్లటి కొమ్మలు విచ్చుకుంటాయి. ఒక కొమ్మలో నొక్కు కనిపిస్తుంది. దాన్ని దాటించి మిల్లీమీటరులో మూడో వంతు మందమున్న తీగను ముందుకు పంపుతారు. ఆ తీగ మీదుగా ఏథెన్స్ బృందం తయారు చేసుకున్న ప్రత్యేక కేథెటర్ జారుతుంది. దాని కొన దగ్గర ఒక వైపు థర్మిస్టర్. సరిగ్గా ఎదుటి వైపు చిన్న రెక్క. పారే రక్తం రెక్కను తోస్తే, థర్మిస్టర్ వెళ్లి గోడకు ఆనుతుంది. డిగ్రీలో ఇరవయ్యో వంతు తేడాను కూడా ఇది పసిగడుతుంది. గోడ మీద అర మిల్లీమీటరు దూరంలో ఉన్న రెండు చోట్లను విడివిడిగా చెప్పగలదు.

ఇక మాటలు ఆగిపోతాయి. రంగుమందు ఇంకా పోయొద్దు. ఒంటి వేడి కన్నా చల్లటి ద్రవం ఏది లోపలికి వెళ్లినా లెక్క చెడుతుంది. ముందు జబ్బు లేని గోడను కొలుస్తారు. అంకె నిలకడగా ఉంటే అదే ప్రాతిపదిక. తర్వాత కేథెటర్ కొద్దికొద్దిగా నొక్కు వైపు కదులుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తెర మీద కొమ్మ మొత్తం ఊగుతోంది, దానితోపాటు థర్మిస్టరూ ఊగుతోంది. వేడిలో మార్పు వస్తే అందులో దాదాపు మూడింట రెండు వంతులు పట్టుకోవడానికి దానికి 300 మిల్లీసెకన్లు కావాలి. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో దెబ్బకు ఉన్న వ్యవధి 800 మిల్లీసెకన్లు. అవకాశం అంతే. పైగా మనసులో ఒక భయం తొలుస్తూ ఉంటుంది. వెతుకుతున్నది చిట్లడానికి సిద్ధంగా ఉన్న పొరను, కొలవాలంటే ఆనించాల్సింది దాని మీదే.

తెర మీద గీత లేస్తుంది. కేథెటర్‌ను ఆపుతారు. గీత అక్కడే ఉంది. కాస్త వెనక్కి లాగితే దిగుతుంది, ముందుకు నెడితే మళ్లీ లేస్తుంది. బల్ల మీది మనిషికి ఏమీ తెలియదు. కానీ అతని గుండె ధమనిలో కొద్ది మిల్లీమీటర్ల మేర గోడ మిగతా గోడకంటే వేడిగా ఉందని గదిలో అందరికీ తెలిసిపోయింది.

డాక్టర్ క్రిస్టోదులోస్ స్తెఫనాడిస్ బృందం ఇలా 90 మందిని కొలిచింది. 45 మంది ధమనులు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, వాళ్లలో ఎక్కడ కొలిచినా ఒకే వేడి. మిగతావాళ్లు మూడు జట్లు, జట్టుకు 15 మంది. నడిచినప్పుడు మాత్రమే నొప్పి వచ్చే స్టేబుల్ ఆంజైనా వాళ్లలో పూడికకూ మంచి గోడకూ తేడా సగటున డిగ్రీలో పదో వంతు. అన్‌స్టేబుల్ ఆంజైనాలో 0.68 డిగ్రీలు. హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లలో 1.47 డిగ్రీలు. జబ్బు ఎంత ముదిరితే పూడిక అంత వేడి. 1999లో ‘సర్క్యులేషన్’ పత్రికలో ఈ మెట్లు అచ్చయినప్పుడు గుండె వైద్య ప్రపంచం ఉలిక్కిపడింది.

రెండేళ్ల తర్వాత అదే బృందం ఇంకా గట్టి మాట చెప్పింది. బెలూన్, స్టెంట్ చికిత్స సవ్యంగా జరిగిన 86 మందిని సుమారు ఏడాదిన్నర వెంబడించి చూశారు. పూడిక వేడి తేడా అర డిగ్రీ, ఆపైన ఉన్నవాళ్లలో 41 శాతం మందికి మళ్లీ ముప్పు వచ్చింది. అర డిగ్రీలోపు ఉన్నవాళ్లలో 7 శాతానికే. అర డిగ్రీ ఒక సరిహద్దులా నిలిచింది. పగలబోయే పూడికను ముందే గుర్తుపట్టి, అక్కడే స్టెంట్ వేసి, హార్ట్ ఎటాక్‌ను రాకముందే ఆపేయొచ్చన్న ఆశ లేచింది. కంపెనీలు రంగంలోకి దిగాయి. నాలుగు థర్మిస్టర్ల కేథెటర్లు వచ్చాయి, ధమనిలోకి వెళ్లాక బుట్టలా విచ్చుకుని చుట్టూ గోడను తాకే నిటినాల్ తీగల పరికరాలు వచ్చాయి.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. మిగతా చోట్ల కొలిచినవాళ్లకు ఏథెన్స్ అంకెలు దొరకలేదు. తేడా ఉంది, కానీ చాలాచోట్ల డిగ్రీలో పదో వంతు చుట్టుపక్కలే. థర్మిస్టర్ చేసే పొరపాటుకూ ఆ తేడాకూ మధ్య పెద్ద దూరం లేదు. అక్కడ అంత వేడి, ఇక్కడ ఇంతేనా?

జవాబు కోసం మళ్లీ బల్ల దగ్గరికి రండి. ఈసారి కేథెటర్ మీద థర్మిస్టర్‌తోపాటు ఒక బెలూన్ ఉంది. రక్తం పారుతుండగా పూడిక వేడి కొలిచారు. ఇప్పుడు బెలూన్‌ను ఉబ్బిస్తారు. ధమనిలో ప్రవాహం ఆగిపోతుంది. ఇది ఎంతోసేపు ఉంచే పని కాదు, ఆ కొమ్మ కింది గుండె కండరానికి రక్తం అందడం లేదు. గీత మీద కళ్లు పెట్టండి. రక్తం ఆగగానే అది పైకి పాకుతుంది. బెలూన్ తుస్సుమనగానే రక్తం పరుగెత్తుతుంది, గీత దిగిపోతుంది. వేడిని దాచింది రక్తమే. కాగిన పాలగిన్నెను పారే కాలువలో పెట్టి, గిన్నె అంచున నీళ్లను తాకి పాల వేడి చెప్పమంటే ఎలా చెప్తాం? విశ్రాంతిలో ఉన్న గుండె ధమనుల్లోనే నిమిషానికి దాదాపు పావు లీటరు రక్తం పారుతుంది. గోడలో పుట్టిన వేడిని పుట్టినంత వేగంగా కడిగేస్తుంది. ఈ ప్రయోగాన్ని 2003లో వెల్లడించింది కూడా ఏథెన్స్ బృందమే.

దీన్ని తిప్పి చూడండి. హార్ట్ ఎటాక్ వచ్చిన మనిషిలో ధమని మూసుకుపోయి ఉంటుంది, లేదా అరకొరగా పారుతుంటుంది. కడిగే ప్రవాహమే లేనప్పుడు గోడ వేడిగా కనిపించడంలో వింతేముంది? అంటే మెట్లు మెట్లుగా పెరిగిన ఆ అంకెల్లో పూడిక వేడి ఎంత, తగ్గిన ప్రవాహం వాటా ఎంత అన్నది విడదీయలేని చిక్కు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ పరిశోధకులు కంప్యూటర్‌లో ధమనిని కట్టి లెక్కలు వేస్తే అదే తేలింది. ప్రవాహం, పూడిక ఆకారం, వేడి పుట్టే చోటు లోతు, ఇవన్నీ కలిసి థర్మిస్టర్ చూసే అంకెను మార్చేస్తాయి. 2009లో బెల్జియం పరిశోధకులు ఇంకో దెబ్బ కొట్టారు. థర్మిస్టర్ ఉన్న తీగల మీద రక్తపు ఒత్తిడి, ప్రవాహం మారినా అంకె కదులుతుందని ప్రయోగశాలలోనూ రోగుల్లోనూ చూపించారు. ఇరుకైన చోట ఒత్తిడి ఎటూ పడిపోతుంది. వేడి అనుకున్నది అదే కావచ్చు.

తర్వాతి ఏళ్లలో గుండె ధమనుల్లోకి దిగిన థర్మామీటర్లు ఒక్కొక్కటిగా బల్ల మీది నుంచి మాయమయ్యాయి. వాటి బదులు వెలుతురుతో గోడను పొర పొరగా చదివే ఓసీటీ, కొవ్వు ముద్దను పసిగట్టే నియర్ ఇన్‌ఫ్రారెడ్ కేథెటర్లు, అల్ట్రాసౌండ్ వచ్చాయి. 2011లో వెలువడ్డ ప్రాస్పెక్ట్ అధ్యయనంలో 697 మంది ధమనులను అల్ట్రాసౌండ్‌తో లోపలి నుంచి చూశారు. చికిత్స చేయకుండా వదిలేసిన చోట్ల మూడేళ్లలో తిరిగి ముప్పు తెచ్చిన పూడికలు మొదటి యాంజియోగ్రామ్‌లో సగటున 32 శాతమే బ్లాక్. లిటిల్ చూసిన ఆ 29 ఫిల్ములు చెప్పిన మాటే మళ్లీ రుజువైంది. అన్ని చెడ్డ గుర్తులూ కలిసిన పూడికల్లో కూడా మూడేళ్లలో ముప్పు తెచ్చినవి నూటికి 18 మాత్రమే. మిగతావి అలాగే ఉన్నాయి. దొరికిన ప్రతి పూడికకూ స్టెంట్ అనే ఆశకు ఇది కళ్లెం వేసింది.

దక్షిణ కొరియా కేంద్రంగా జరిగిన ప్రివెంట్ అధ్యయనం ఆ ఆశను మళ్లీ పరీక్షించింది. రక్త ప్రవాహానికి అడ్డు కాని ప్రమాదకర పూడికలున్న 1606 మందిలో సగం మందికి మందులతోపాటు స్టెంట్ వేశారు, సగం మందికి మందులే ఇచ్చారు. 2024లో వచ్చిన ఫలితాల్లో రెండేళ్లకు ముప్పు స్టెంట్ వేసినవాళ్లలో 0.4 శాతం, మందులతోనే ఉన్నవాళ్లలో 3.4 శాతం. స్టెంట్‌కు మేలు కనిపించింది. మందులు మాత్రమే వాడినవాళ్లలో కూడా నూటికి 96 మందికి పైగా క్షేమంగా ఉన్నారు. రెండు మాటలూ నిజమే.

వేడి సంగతి మాత్రం అబద్ధం కాలేదు. 2017లో కాంటోస్ అధ్యయనం పదివేల మందికి పైగా రోగుల్లో కొలెస్ట్రాల్‌ను తగ్గించకుండా ఇన్‌ఫ్లమేషన్‌ను మాత్రమే తగ్గించే కనకినుమాబ్ అనే మందును పరీక్షించింది. 150 మిల్లీగ్రాముల మోతాదుతో హార్ట్ ఎటాక్, పక్షవాతం లాంటి ముప్పులు 15 శాతం తగ్గాయి. గోడలో రగిలే మంటే నేరస్తుడని తేల్చిన సాక్ష్యం ఇది. ఆ మంటను ఇప్పుడు ధమనిలోకి దిగకుండా బయటి నుంచే చూస్తున్నారు. ఏథెన్స్‌లో చదివి ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడ్డ డాక్టర్ చారలంబోస్ ఆంటోనియాడిస్ బృందం సీటీ స్కాన్‌లో గుండె ధమని చుట్టూ ఉన్న కొవ్వును చదువుతుంది. ధమని గోడ మంటెక్కితే దాని పక్క కొవ్వు కణాలు చిక్కిపోయి నీరు పెరుగుతుంది, స్కాన్‌లో దాని సాంద్రత మారుతుంది. 2018లో 3912 మంది స్కాన్లతో ఈ మార్పు గుండె మరణాలను ముందే సూచిస్తుందని వాళ్లు చూపించారు. ధమనిలోకి దిగిన థర్మామీటర్ వైద్య పరికరంగా ఓడిపోయింది. కానీ “దారి ఎంత ఇరుకు?” అన్న ప్రశ్న పక్కన “గోడ ఎంత మంటెక్కింది?” అన్న ప్రశ్నను నిలబెట్టి వెళ్లింది. దాని గెలుపు అదే.

ఏథెన్స్ కేథ్ ల్యాబ్ 2002లో చెప్పిన ఇంకో సంగతి పాఠకులకు నేరుగా పనికొస్తుంది. కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడుతున్నవాళ్ల పూడికల్లో వేడి తేడా వాడనివాళ్లకన్నా తక్కువగా ఉంది. రిపోర్టులో కొలెస్ట్రాల్ అంకె దిగింది కదా అని చాలామంది ఆ మాత్రను తమంతట తామే ఆపేస్తారు. అంకె కిందికి దిగినా గోడ పని అయిపోయినట్టు కాదు. ఆ మాత్ర పలచటి పొరను గట్టిపరుస్తుంది, మంటను తగ్గిస్తుంది. సిగరెట్ మానడం, బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోవడం కూడా అక్కడికే చేరతాయి. ఈసారి యాంజియోగ్రామ్ అయ్యాక డాక్టర్‌ను “ఎంత పర్సెంట్?” అని అడగండి, తప్పు లేదు. దాని వెంటనే “మిగతా గోడను కాపాడుకోవడానికి నేనేం చేయాలి?” అని కూడా అడగండి. డాక్టర్ ఆపమనేదాకా మాత్ర ఆపకండి.